పిల్లల కథకి ఊ కొట్టేదెవరు?

పోయిన వేసవిలో మా అమ్మాయి కాలేజీ గది ఖాళీ చేసి సామానంతా తెచ్చి మా గరాజ్‌లో పడేసింది. పడేసినవాళ్ళకి సర్దే ఓపిక ఉండదు కదా, ఆ పని నా నెత్తిన పడింది. ఒక అట్టపెట్టె అడుగున పల్చటి కథల పుస్తకం ఒకటి దొరికింది. ఒలివ్ సీనియర్ అనే జమైకా రచయిత్రి రాసిన 'సమ్మర్ లైట్నింగ్'. ఏదో కోర్సు కోసం కొన్నట్టుంది. ఊరికే తిరగేస్తుంటే 'బ్రైట్ థర్స్‌డేస్' అనే కథ పక్కన, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకే ఒక్క మాట రాసి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో. తెనాలి.

జమైకా కథలో తెనాలికేం పని? అక్కడే ఓ బకెట్ బోర్లించుకుని కూర్చుని ఆ కథ చదివేశాను. తర్వాత రెండు మూడు నెలలు లైబ్రరీలో దొరికిన కరేబియన్ కథలన్నీ చదువుతూనే ఉన్నాను. సాఫ్ట్‌వేరు వాడికి ఇదేం పిచ్చి అనుకోకండి. అప్పటిదాకా నాకూ కరేబియన్ అంటే క్రికెట్టే. రిచర్డ్స్, ఆంబ్రోస్ పుట్టిన ఆంటిగ్వాలోనే జమైకా కింకెయిడ్ అనే గొప్ప రచయిత్రి కూడా పుట్టిందని (పేరులో జమైకా ఉన్నా ఊరు మాత్రం ఆంటిగ్వానే) ఈ వయసులో తెలిసింది. సాహిత్య విమర్శ నా సబ్జెక్టు కాదు. చదివాక ఒక తండ్రిగా నాకు తోచింది చెప్తాను, అంతే.

ఈ కథల్లో పిల్లలు చాలామంది మాట్లాడాల్సిన చోట మాట్లాడరు. కొందరు మూగగా ఉండిపోతారు, కొందరు ఆలస్యంగా జవాబిస్తారు, కొందరికి కోపం తప్ప ఇంకేదీ బయటకి రాదు. ఇప్పటి స్కూళ్ళలో అయితే వీళ్ళందరికీ 'కమ్యూనికేషన్ ప్రాబ్లం' అని ఓ ఫైలు తెరుస్తారు. కానీ కాస్త నిదానంగా చదివితే ఇంకోటి కనపడుతుంది. ఆ పిల్లల దగ్గర మాటలున్నాయి. ఎదుటివాళ్ళ దగ్గర వాటిని అందుకునే ఏర్పాటు లేదు.

కింకెయిడ్ రాసిన 'గర్ల్' తీసుకోండి. 1978లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. మొత్తం కథ రెండు పేజీలు కూడా ఉండదు. తల్లి కూతురికి వరసపెట్టి పనులు పురమాయిస్తూ ఉంటుంది. బట్టలు ఇలా ఉతకాలి, ఇలా నడవాలి, ఇలా నవ్వాలి, ఇల్లు ఇలా ఊడవాలి. ఫుల్‌స్టాప్ ఉండదు, ఊపిరి తీసుకోవడం కూడా ఉండదు. మధ్యలో ఓ నింద వేస్తుంది, ఆదివారం చర్చి బడిలో 'బెన్నా' పాడుతున్నావట నిజమేనా అని. బెన్నా అంటే ఆంటిగ్వా జానపదాల్లో కాస్త కొంటె పాటలు లెండి. ఆ పిల్ల 'నేను పాడలేదు' అని జవాబిస్తుంది. ఎప్పుడు? తల్లి ఇంకా నాలుగైదు ఆజ్ఞలు జారీ చేసేశాక. జవాబు వచ్చేసరికి సంభాషణ గుండీలు కుట్టడం దగ్గరకి వెళ్ళిపోయింది. తల్లి ఆ జవాబు విన్నట్టు కూడా ఉండదు.

నెట్‌వర్కు పనిచేసినవాళ్ళకి ఇది తెలిసిన బాధే. ప్యాకెట్ పంపారు, చేరింది కూడా, కానీ అప్పటికే అవతలివాడు టైమవుట్ కొట్టి వెళ్ళిపోయాడు. లాగ్‌లో మాత్రం 'నో రెస్పాన్స్' అని పడుతుంది. మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు 'అడిగితే నోరు విప్పదేం' అని పిల్లల్ని కసురుకుంటామో తలుచుకోండి. అడిగాక ఎన్ని సెకన్లు ఆగాం?

కథ మొత్తంలో ఆ పిల్ల మాట్లాడేది రెండేసార్లు. అలాగని ఆ తల్లి చెడ్డది అనడానికి లేదు. బ్రిటిషు వలస దీవిలో, పేదరికంలో, ఆడపిల్లని ఎలా బతికించుకోవాలో ఆవిడకి తెలిసిందంతా ఆ మాటల్లో పెట్టేసింది. అది ప్రేమే, కాకపోతే వన్‌వే ట్రాఫిక్.

ఒలివ్ సీనియర్ పుస్తకం 1986లో వచ్చింది. మరుసటి ఏడాది కామన్వెల్త్ రచయితల బహుమతి మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు అది ఈ పుస్తకానికే వచ్చింది. ఇందులో 'బాలడ్' అనే కథ ఉంది. లెనోరా అనే పిల్లని టీచరు, నువ్వు మరిచిపోలేని మనిషి గురించి వ్యాసం రాయమంటుంది. లెనోరా మిస్ రిల్లా అనే ఆవిడ గురించి మూడు పేజీలు రాస్తుంది. మిస్ రిల్లా నవ్వుతూ తుళ్ళుతూ ఉండే మనిషి, ఊరందరి నోళ్ళలో నానిన మనిషి. ఈ పిల్లని ఆప్యాయంగా చూసింది ఆవిడే, చనిపోయింది. టీచరు వ్యాసం చదివి చింపేస్తుంది. అలాంటి ఆడదాని గురించి వ్యాసం రాయకూడదట!

ఇక్కడ సీనియర్ చేసిన పని చూడండి. టీచరు చింపేసిన వ్యాసంలో ఏముండేదో అదంతా లెనోరా మనకి చెప్పేస్తుంది, తన సొంత మాటలో. జమైకాలో జనం ఇళ్ళల్లో మాట్లాడేది పాట్వా. బడిలో, కోర్టులో, ఆఫీసులో నడిచేది ఇంగ్లీషు. పాట్వాలో పదాలు చాలావరకు ఇంగ్లీషు నుంచి వచ్చినవే కాబట్టి బయటివాళ్ళకి అది 'తప్పుల ఇంగ్లీషు'లా వినపడుతుంది. నిజానికి దానికి తనదైన వ్యాకరణం ఉంది. ఫ్రెడరిక్ కాసిడీ, లె పేజ్ కలిసి 1967లోనే జమైకన్ ఇంగ్లీషుకి పెద్ద నిఘంటువు తెచ్చారు. 2012లో బైబిల్ కొత్త నిబంధన పాట్వాలో వచ్చింది. కానీ బడిలో కూర్చున్న ఏడేళ్ళ పిల్లకి నిఘంటువు సంగతి తెలీదు కదా. నోరు తెరిస్తే టీచరు సరిదిద్దుతుందని తెలుసు. రెండుసార్లు సరిదిద్దించుకున్నాక మూడోసారి నోరు మూసుకోవడమే తెలివైన పని అని కూడా తెలుసు. అప్పుడు రిపోర్టులో 'మాట్లాడదు' అని పడుతుంది.

యూనికోడ్ కొత్తల్లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు డబ్బాలుగా కనపడేది, గుర్తుందా? ఎక్స్‌పీలో ఏదో ఆప్షన్‌కి టిక్కు పెట్టి, సీడీ పెట్టి, రీస్టార్ట్ చేస్తే గానీ అక్షరాలు వచ్చేవి కావు. 'మీరు రాసింది అంతా చెత్త వస్తోందండీ' అని ఎంతమంది మెయిల్ చేసేవారో! రాసినవాడి ఫైలు శుభ్రంగా ఉండేది. చూసేవాడి మెషీన్‌లో లోటు. ఈ కథలు చదువుతున్నంతసేపూ నాకా డబ్బాలే గుర్తొచ్చాయి.

ఇక ఆ 'బ్రైట్ థర్స్‌డేస్'. లారా అనే పిల్లని పేద తల్లి, పిల్ల బాగుపడుతుందని, డబ్బున్న నాయనమ్మ తాతల ఇంటికి పంపుతుంది. తండ్రి ఎక్కడో విదేశంలో ఉంటాడు, లారా అతన్ని చూసి ఎరగదు. అక్కడ తిండికి లోటు లేదు, బట్టలకి లోటు లేదు. పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని తినడమంటే మాత్రం ఆ పిల్లకి గుండె దడ. ఆకాశంలో మబ్బులన్నా భయమే. ఈ భయాలు ఎవరికీ చెప్పదు. చెప్పడానికి ఆ ఇంట్లో చోటు లేదు. నాన్న వస్తాడు, తనని గుర్తిస్తాడు అని ఎదురుచూస్తుంది. నాన్న వస్తాడు కూడా, తెల్ల భార్యతో. చివరికి అతని నోట్లోంచి లారా గురించి ఒక తిట్టు వినపడుతుంది. అంతే, ఆ పిల్ల మనసులోనే ఒక నిర్ణయం తీసుకుంటుంది, తనకి తండ్రి లేడని. ఆ నిర్ణయం కూడా పైకి చెప్పదు.

జమైకాలో 'బారెల్ చిల్డ్రన్' అనే మాట ఒకటుంది. అమ్మానాన్నలు అమెరికా, కెనడా, ఇంగ్లండు వెళ్ళి అక్కడినుంచి పెద్ద పెద్ద పీపాల్లో బట్టలు, బూట్లు, డబ్బా తిండి నింపి పంపుతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర ఆ పీపాల కోసం ఎదురుచూస్తూ పెరుగుతారు. వస్తువులు వస్తాయి, మనుషులు రారు. హైతీ రచయిత్రి ఎడ్విడ్జ్ డాంటికా కూడా ఇలా పెరిగిందే. ఆవిడకి రెండేళ్ళప్పుడు తండ్రి, నాలుగేళ్ళప్పుడు తల్లి న్యూయార్క్ వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళకి గానీ వాళ్ళ దగ్గరకి చేరలేదు.

డాంటికా కథ 'ఎ వాల్ ఆఫ్ ఫైర్ రైజింగ్' 1995లో వచ్చిన 'క్రిక్? క్రాక్!' పుస్తకంలో ఉంది. ఒక కూలివాడి కొడుకు బడి నాటకంలో బూక్‌మన్ వేషానికి ఎంపికవుతాడు. 1791లో హైతీ బానిసల తిరుగుబాటుకి నాయకుడు బూక్‌మన్. కుర్రాడు పుస్తకంలో ఇచ్చిన ఉపన్యాసం బట్టీ పడతాడు, అమ్మానాన్న విని మురిసిపోతారు. ఆ ఉపన్యాసం ఎవరో యూరపువాడు రాసినట్టుందని కథలోనే ఒక చురక ఉంటుంది. చివర్లో తండ్రి చచ్చిపోతాడు. ఆ శవం ముందు నిలబడి ఈ కుర్రాడు ఏడవడానికి బదులు బూక్‌మన్ డైలాగులు చెప్పడం మొదలుపెడతాడు. బడి ఇచ్చిన పెద్ద పెద్ద మాటలు తప్ప వాడి దుఃఖానికి ఇంకో మాట దొరకలేదు. చదివి పుస్తకం మూసేశాను. మన పిల్లలు స్టేజీ ఎక్కి గడగడా చెప్తుంటే ఫోన్లో వీడియో తీసుకుని 'కమ్యూనికేషన్ స్కిల్స్ అదిరిపోయాయి' అనుకుంటాం. అవి ఎవరి మాటలో మాత్రం ఎవరూ అడగం.

అన్నీ ఏడుపు కథలేనా అంటే, కాదు. ట్రినిడాడ్ రచయిత మైకేల్ ఆంథొనీ (2023లో పోయారు) కథ 'క్రికెట్ ఇన్ ద రోడ్' మనవాళ్ళందరికీ నచ్చుతుంది. ముగ్గురు పిల్లలు వానాకాలంలో వీధిలో క్రికెట్ ఆడుకుంటారు. సెలో అనే పిల్లాడికి ఉరుములంటే ప్రాణభయం. మిగతా ఇద్దరికీ వానంటే సరదా. ఎవరు ముందు బ్యాటింగ్ అనే గొడవలో సెలో బ్యాటూ బాలూ విసిరికొట్టి పారిపోతాడు. తర్వాత సారీ చెప్పాలని ఉంటుంది, నోరు రాదు. రోజులు గడిచిపోతాయి. చివరికి ఆ స్నేహితుడే పిలిచి, నువ్వే ముందు ఆడు అంటాడు. సెలో భోరున ఏడుస్తాడు. ఆ పిల్లాడికి స్పీచ్ థెరపీ అక్కర్లేదు, గడ్డంపట్టుకుని 'సారీ చెప్పు' అనేవాళ్ళు అసలే అక్కర్లేదు. బ్యాటు చేతికిచ్చేవాడు ఒకడు చాలు.

సరే, ఇక్కడిదాకా చదివి 'అయితే పిల్లలకి ఏ సమస్యా ఉండదు, అంతా పెద్దవాళ్ళ తప్పే' అని ఎవరైనా తేలిస్తే అది పొరపాటు. ఈ మాట గట్టిగా చెప్పాలి. పై కథల్లో ఏ పిల్లకీ డాక్టరు పెట్టిన పేరేదీ లేదు. అసలైన వినికిడి లోపం, ఆటిజం, భాష ఎదుగుదలలో లోపం అనేవి వేరే ఉన్నాయి. మనవాళ్ళు వాటిని కప్పెట్టడంలో సిద్ధహస్తులు. 'మగపిల్లాడికి మాటలు ఆలస్యమే', 'వాళ్ళ నాన్నకీ అయిదేళ్ళు వచ్చాకే మాటలొచ్చాయి', 'వస పోయండి, అదే వస్తుంది'... నాతో పనిచేసిన ఒకతని కొడుక్కి ఇలాగే మూడేళ్ళు గడిపేశారు. తీరా చూస్తే పిల్లాడికి సరిగ్గా వినపడదు. ఆ మూడేళ్ళు ఎవరు తిరిగిస్తారు? ఏడాదికి తత్తత్త అనే శబ్దాలు కూడా లేకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలిపి అనలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల డాక్టరు దగ్గరకి పరిగెత్తాలి. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. డబ్బాలు కనపడ్డప్పుడు ఫాంటు లేదేమో చూడాలి, ఫైలు నిజంగానే పాడైందేమో కూడా చూడాలి. చూడకుండా తేల్చేయడమే ద్రోహం.

తేల్చుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. నిజంగా లోపం ఉంటే అది పిల్ల మాట్లాడే అన్ని భాషల్లోనూ కనపడుతుంది. ఇంటి భాషలో గలగలా మాట్లాడి బడి భాషలో మాత్రం నోరు మెదపకపోతే అది సాధారణంగా కొత్త భాష నేర్చుకునే దశ. పరీక్ష చేసేవాళ్ళు ఇంటి భాష సంగతి అడగకుండా రిపోర్టు రాస్తే ఆ రిపోర్టు సగమే. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి భాషాలోపం రాదు. లోపం ఉన్న పిల్లలకి కూడా ఇంటి భాష మాన్పిస్తే ఆ లోపం తగ్గదు.

ఇది నాకు 2007లో తెలిసుంటే బాగుండేది.

మా అమ్మాయిని ఏడాదిన్నర వయసులో తెనాలిలో మా అమ్మ దగ్గర వదిలాం. ఇద్దరి ఉద్యోగాలు, వీసా గొడవలు, ఇక్కడ డేకేర్ ఖర్చులు... కారణాలు మీకూ తెలిసినవే. మూడేళ్ళు నిండాక తెచ్చుకున్నాం. తెనాలిలో అది వసపిట్ట. ఇక్కడ ప్రీస్కూల్లో వేసిన రెండు నెలలకి పిలిచి 'మీ పాపకి మాటలు రావు' అన్నారు. ఆ బడిలో అది రోజూ 'ఉచ్చొస్తోంది' అని చెప్తూనే ఉందట. ఎవరికీ అర్థం కాక బట్టలు తడుపుకునేది. అలా చెప్పి చెప్పి మానేసింది. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని సలహా ఇచ్చారు. క్లయింటు చెప్పిన మార్పుకి తలూపినట్టు సరేనన్నాం. ఆర్నెల్లలో ఇంగ్లీషు వచ్చింది. ఏడాదిలో తెలుగు పోయింది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ తర్వాత ఆదివారం ఫోన్లలో వాళ్ళిద్దరూ 'హలో నాయనమ్మా', 'తిన్నావా తల్లీ' దాటి ముందుకెళ్ళలేదు. ఫోను పెట్టేశాక మా అమ్మ ప్రతిసారీ నన్నే అడిగేది, 'పిల్ల ఏమందిరా?' అని. 2016లో పోయింది.

కరేబియన్‌లో కథ చెప్పేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. చెప్పేవాడు 'క్రిక్?' అంటాడు. వినేవాళ్ళు 'క్రాక్!' అనాలి. అంటేనే కథ మొదలు. డాంటికా పుస్తకానికి ఆ పేరు అందుకే. పక్కా హ్యాండ్‌షేక్ అన్నమాట. మనకీ ఉంది కదా, కథ చెప్తుంటే ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగిపోతుంది. కాకపోతే మనం ఎప్పుడూ పిల్లల చేతే ఊ కొట్టించుకుంటాం. వాళ్ళ కథకి మనం కొట్టం.

డాంటికా తన జ్ఞాపకాల పుస్తకం 'బ్రదర్, ఐ యామ్ డైయింగ్'లో (2007) ఇంకో సంగతి రాసింది. తనని పెంచిన పెదనాన్నకి గొంతు క్యాన్సరొచ్చి ఆపరేషన్‌లో గొంతు పోయింది. ఆయన పెదాల కదలిక చూసి ఏమంటున్నాడో నలుగురికీ చెప్పింది ఈ చిన్నపిల్లే. కలిసి బతికిన మనిషి మాట శబ్దం లేకపోయినా అర్థమవుతుందన్నమాట. చూస్తూ ఉండాలి, అంతే.

మొన్న థాంక్స్‌గివింగ్‌కి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు ధైర్యం చేసి ఆ పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. "ఇక్కడ తెనాలి అని ఎందుకు రాశావమ్మా?" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. నాకు సమాధానం తెలుసనుకున్నాను. లారా నాన్న కోసం ఎదురుచూసినట్టు ఇదీ మా కోసం ఎదురుచూసి ఉంటుందని. ఇంగ్లీషులోనే చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"తెనాలిలో మీకోసం ఎదురుచూశానో లేదో నాకు గుర్తులేదు నాన్నా. ఇక్కడికొచ్చాక నాయనమ్మ కోసం ఎదురుచూశాను. చాలా రోజులు. అది మాత్రం బాగా గుర్తుంది."

వీసాల గురించి, ఆ రోజుల్లో జీతాల గురించి, ఆ ప్రీస్కూల్ వాళ్ళ గురించి చెప్పబోయాను. అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేసి, "ఊ" అన్నాను.

అప్పుడు ఇంకా చెప్పింది.